బుసైతీన్ ఒడ్డున చెలమ

మొన్న పక్కింటికి ఇసుక లారీ వచ్చింది. తడి ఇసుక వాసన తగలగానే బహ్రెయిన్ గుర్తొచ్చింది.

తొంభైల్లో సంగతి. అమ్మా నేనూ నాన్న దగ్గరికి కొత్తగా వెళ్ళాం. కుళాయిలో ఉప్పునీళ్ళు, వాటితో పప్పు ఉడకదు. "ఇలాంటి చోట నేనుండలేనండీ, మమ్మల్ని పంపేయండి" అని అమ్మ రోజూ గొడవ. మా గోదావరి ఇసుకలో చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి కదా! ఆ ధీమాతోనే అమ్మ ఓ శుక్రవారం సెలవునాడు బుసైతీన్ సముద్రపొడ్డున కూర్చుని, ఇంట్లోంచి తెచ్చిన అట్లకాడతో తవ్వడం మొదలెట్టింది.

"ఇంకాస్త తవ్వవే, ఆయిలు పడద్ది. రేపట్నించి నాకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీలే నా దగ్గర డ్యూటీ చేస్తాడు" అన్నాడు నాన్న.

"మీ ఆయిలుతో పప్పు ఉడుకుద్దా?"

నేను నాన్న మాటే నమ్మాను. బళ్ళో ఎప్పుడూ వెనకే గానీ, నమ్మడంలో నేనే ఫస్టు.

గుంటలో నీళ్ళు ఊరాయి. అమ్మ దోసిట్లోకి తీసుకుని తాగింది. ఉమ్మెయ్యలేదు. ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆయిలు పడలేదని ఏడుస్తోందనుకున్నాను.

"ఇంకోచోట తవ్వుదామమ్మా" అన్నాను.

నాన్న ఈసారి నవ్వలేదు. అమ్మ చేతిలోంచి అట్లకాడ తీసుకుని, నాలుగడుగులు అవతల కూర్చుని తవ్వడం మొదలెట్టాడు. అక్కడా ఉప్పేనని ఆయనకి తెలుసు. అయినా పొద్దుగూకేదాకా తవ్వుతూనే ఉన్నాడు.