జర్నీ అంటే ఒక రోజు పని

నవంబరు 14, శుక్రవారం. ఒమాన్‌లో సమాయిల్ క్యాంపు, ఆరో నంబరు రూమ్. హాజరైనవారు: టైమ్‌కీపర్‌నైన నేను, జగిత్యాల వైపు తాపీ మేస్త్రీ, కడప నుంచి వచ్చిన వంటభాయ్. మిగతా ఇద్దరూ నిజ్వా బజారుకు వెళ్లారు.

ఉద్యోగంలో అది నా ఆఖరి సంవత్సరం. ఆనాటి డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

క్యాంపులో ఎవరు ఇంటికి వెళ్తున్నా కార్టన్ మీద అక్షరాలు నేనే రాయాలి. నైలాన్ తాడు కట్టాక, నల్ల మార్కర్‌తో నాలుగు పక్కలా పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోన్ నంబరు. అడుగున ‘హ్యాపీ జర్నీ’. అది లేకపోతే కార్టన్ పూర్తయినట్టు కాదని వాళ్ల నమ్మకం. మేస్త్రీది నా డైరీ లెక్కన అరవై మూడోది.

ఎప్పుడూ కార్టన్ ముప్పై కిలోలకు గ్రాము తక్కువ కాకుండా సర్దే మనిషి. ఈసారి పన్నెండు కిలోలే తూగింది. పాలపొడి, ఖర్జూరం, ఒక దుప్పటి. కాళ్లు వాచి చెప్పులు పట్టక మంచం మీదే కూర్చుని చూస్తున్నాడు. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని, బతికినన్నాళ్లూ వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదని ఆస్పత్రిలో చెప్పారు. ఆఫీసులో మాత్రం ‘సెలవు మీద వెళ్లి బాగు చేయించుకుని రా’ అన్నారట. ఆ మాటే అతను గట్టిగా పట్టుకున్నాడు.

“మేస్త్రీ పోతే ఈ రూముకు గురక పీడ వదుల్తాది,” అన్నాడు వంటభాయ్ తాడు బిగిస్తూ.

“గురక లేకుంటే నీకే నిద్రపట్టది, చూడు భాయ్. నీ పప్పుకు వంక పెట్టెటోడు గూడ ఉండడు. ఉప్పేసినవో లేదో ఎవలు చెప్తరు నీకు?” అన్నాడు మేస్త్రీ. తర్వాత నా వైపు తిరిగాడు. “ఆర్నెల్లల్ల మళ్లొస్త గద సారూ?”

ముందురోజు గురువారం అతని కాగితం నా బల్ల మీదుగానే పోయింది. అది సెలవు కాగితం కాదు, వీసా క్యాన్సిల్ కాగితం. అడుగున అతని సంతకం ఉంది. ఏమని ఉందో చదివి చెప్పమని నన్ను అతను అడగలేదు, నేనుగా చెప్పనూ లేదు.

ఇప్పుడూ చెప్పలేక, కిటికీ మీదున్న డిక్షనరీ తీశాను. అరవై రెండు కార్టన్ల మీద రాసిన మాట ఎక్కడిదో ఎప్పుడూ చూడలేదు, చూద్దాం అన్నాను. ఇద్దరూ నేనేదో కాగితం చదువుతున్నట్టు శ్రద్ధగా విన్నారు.

జర్నీ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. దాని వెనక లాటిన్‌లో ‘రోజు’ ఉంది. పూర్వం జర్నీ అంటే ఒక రోజు. ఆ రోజులో మనిషి చేసే పని, లేదా ఆ రోజులో నడవగలిగే దూరం. దూరదేశం వెళ్లడం అనే అర్థం తర్వాత వచ్చింది. రోజు కూలికి పనిచేసే చేతిపనివాడికి ఇంగ్లీషులో ఉన్న ‘జర్నీమన్’ అనే పేరు కూడా ఇందులోంచే పుట్టింది.

“అంటే మా మేస్త్రీ లెక్క,” అన్నాడు వంటభాయ్.

మేస్త్రీ అందుకున్నాడు. “జర్నీ అంటే ఒక రోజు పనే గదా? మరి రేపు నా జర్నీ ఉన్నది. నాకు హాజరెయ్యున్రి సారూ.”

“ఓవర్‌టైమ్ గూడా అడుగు. ఇమానంలో ఊరకే కూర్చోవల్ల గదా!” అన్నాడు వంటభాయ్.

ముగ్గురం నవ్వాం. వేస్తానన్నాను. అతను అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు అలా తప్పించాను.

తర్వాత మంచం కింద నుంచి గోనెసంచి లాగించాడు. తాపీ, రసమట్టం. తాపీ పిడి అతని పిడికిలికి తగ్గట్టు అరిగి ఉంది. “ఇవి మీ దగ్గర పెట్టున్రి. ఎవలడిగినా ఇయ్యకున్రి. వచ్చినంక తీస్కుంట.”

తీసుకుని నా పెట్టెలో పెట్టాను. కార్టన్ నాలుగో పక్క కూడా రాయడం ముగించాను. అక్షరం వంకర పోలేదు.

మరుసటి రోజు శనివారం. తెల్లవారుజామున నాలుగున్నరకు కారు వచ్చింది. వంటభాయ్ రొట్టెలు చుట్టి ఇచ్చాడు. కార్టన్ నేనే మోశాను. మేస్త్రీ కారు అద్దం దించి, “హాజరు, సారూ,” అని గుర్తు చేశాడు.

ఆరు గంటలకు బస్సు దగ్గర హాజరు. పేర్లు పలకలేక షీటులోని వరుస నంబర్లతోనే పిలుస్తాం, మేస్త్రీది పదిహేడు. హాజరని ఒక్క ‘పి’ వేద్దామనే పెన్ను మూత తీసి నిలబడ్డాను. ఆఫీసు కొత్త షీటు పంపింది. నిన్నటిదాకా నలభై రెండు వరుసలు, ఈ రోజు నలభై ఒకటి. అతని వరుస కొట్టేసి లేదు, ఖాళీగానూ లేదు. కింది వాళ్లంతా ఒక మెట్టు పైకి జరిగారు. పెన్ను పెట్టడానికి చోటే లేదు.

“పదిహేడు,” అని పిలిచాను. ఎవరూ పలకలేదు. నిన్నటిదాకా పద్దెనిమిదిగా ఉన్నవాడు, రెండోసారి పిలిస్తే గానీ, అది తన నంబరని తెలుసుకోలేదు.