రెండంకెల సంవత్సరం

నాకు ఆస్ట్రేలియాలో ఉద్యోగం తెచ్చిపెట్టింది నేను నేర్చిన కోబాల్ ప్రోగ్రామింగు కాదు, మా ఏలూరు కాన్వెంటు ఇంగ్లీషు. ఈ మాటంటే మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు. ఇంటర్వ్యూలో నేను కుర్చీ అంచున కూర్చుని, తమరు నాకు ఈ అవకాశం ఇచ్చినందుకు మిక్కిలి కృతజ్ఞురాలిని అన్న అర్థం వచ్చే పెద్ద వాక్యం ఒకటి తడుముకోకుండా అప్పజెప్పాను. మేనేజరు కళ్ళు మెరిశాయి. ప్రోగ్రాముల గురించి రెండే ప్రశ్నలు వేసి, ఈ ఇంగ్లీషు ఎవరు నేర్పారని మాత్రం పావుగంట ఆరా తీశాడు. వాళ్ళ అమ్మమ్మ సరిగ్గా ఇలాగే మాట్లాడేదట. ముప్ఫై రెండేళ్ళకే ఎవరి అమ్మమ్మలాగో ఉన్నానంటే సంతోషించాలో ఏడవాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

ఇదంతా తొంభై ఎనిమిదిలో. చూశారా, నేనూ రెండంకెలే వాడాను. ప్రపంచం మొత్తం ఈ అలవాటు వల్లే చిక్కులో పడింది. పాత ప్రోగ్రాములు రాసినవాళ్ళు చోటు కలిసొస్తుందని సంవత్సరానికి రెండే అంకెలు పెట్టారు. రెండు వేలు రాగానే ఆ రెండు సున్నాలను చూసి కంప్యూటరు పంతొమ్మిది వందలనుకుంటుంది. అది అలా పొరబడకుండా చూడటమే అడిలైడ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మా పని. ఆఫీసు ఊరికి ఉత్తరాన టెక్నాలజీ పార్కులో ఉండేది. పక్కనున్న మాసన్ లేక్స్ అనే పేట ఇప్పుడు చెరువులూ బాతులూ అంటూ ముస్తాబైంది గానీ, అప్పుడు అక్కడ ఎండుగడ్డీ ఈగలూ తప్ప ఏమీ లేవు.

మేనేజరు ఇంగ్లండు ఉత్తరాన ఒక బట్టల మిల్లు ఊళ్ళో పుట్టాడు. మనుషులు కావాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం చవకగా టికెట్లు పంచుతున్న రోజుల్లో, ఇరవై ఏళ్ళవాడు, ఓడెక్కి వచ్చేశాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తిరిగి వెళ్ళలేదు. అయినా రోజూ పదిన్నరకి టీ దగ్గర "మా దేశంలో" అని మొదలుపెట్టేవాడు. వాళ్ళ దేశంలో ఎవరూ ఇంటికి తాళం వెయ్యరు. ఆడవాళ్ళు పొద్దున్నే గుమ్మాలు తోముతారు. చావు వచ్చినా నలుగురిలో కన్నీళ్ళు పెట్టరు. నాకు ఒళ్ళు మండేది. ఇంటిల్లిపాదీ పరాయివాళ్ళ ఊళ్ళ మీద పడి తిరుగుతుంటే సొంత ఇంటికి తాళం ఎవరికి కావాలి, అని నోటిదాకా వచ్చేది. నా ఇంగ్లీషులో ఆ మాట చెప్పడానికి తగిన మర్యాద వాక్యం దొరక్క మింగేసేదాన్ని.

డిసెంబరులో క్రిస్మస్ వస్తే మరీ విడ్డూరం. బయట నలభై డిగ్రీలు మండుతుంటే ఆఫీసు కిటికీ అద్దాలకు డబ్బాలోంచి తెల్లటి నురగ చిమ్మి మంచు పడిందనేవారు. పొగలు కక్కే మాంసం, దాని వెనకాల పొగలు కక్కే పుడ్డింగు. అందరికీ ధారగా చెమటలు. ఇక్కడి వాతావరణం ఎలా ఉందో చెప్పేవాడు అక్కడ ఒక్కడూ లేడు. చెబితే మర్యాద కాదని నేనూ రెండోసారి వడ్డించుకున్నాను.

మర్యాద సంగతి అలా ఉంచితే, నాకు భయం ఉంది. మా వీసా రెండు వేల సంవత్సరం మార్చి దాకానే. పొడిగించాలంటే ఈ మనిషి అవసరం మాకు ఉంది అని మేనేజరు సంతకం పెట్టిన ఉత్తరం కావాలి. మా ఆయన ఏలూరులో బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అద్దె ఇల్లు ఖాళీ చేసి నా వెనక వచ్చాడు. ఇక్కడ యూనివర్సిటీలో అకౌంటింగు కోర్సు సగంలో ఉంది. వీసా పోతే కోర్సూ పోతుంది. నలభై దాటాక వెనక్కి వెళ్ళి ఎవరి ముందు నిలబడతాడు? ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉండేది.

అందుకని మేనేజరును మంచి చేసుకుందామని ఒక పథకం వేశాను. క్లాసులు లేని మధ్యాహ్నాలు మా ఆయన టీవీలో ఇంగ్లండు సీరియల్ ఒకటి చూసేవాడు. ఒక వీధి, వీధి చివర ఒక పబ్బు, అందరూ పోట్లాడుకోవడానికి అక్కడికే వస్తారు. సాయంత్రం నేను ఇంటికి రాగానే కాఫీతోపాటు బ్రిటన్ సమాజం మీద ఆయన ఉపన్యాసం సిద్ధంగా ఉండేది.

"ఈళ్ళకి మనకీ తేడా ఏం లేదే. కోడలు ఇంట్లో ఉండనివ్వట్లేదని ఆ ముసలావిడ పబ్బులో కూర్చుని ఒకటే ఏడుపు. మీ మేనేజర్‌తో చెప్పు, హ్యాపీగా ఫీలవుతాడు" అన్నాడొకరోజు.

చెప్పాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. ఆ రోజు టీ దగ్గర, మా దేశంలో మగవాడు నలుగురిలో కంటతడి పెట్టడు అని మేనేజరు అంటుండగా, ఇప్పుడు బాగానే పెడుతున్నారండీ అన్నాను. రాణిగారి మాజీ కోడలు పోయినప్పుడు వీధుల్లో పూలు గుట్టలు పోసి ఏడ్చారు కదా అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. తలుపులకు రెండేసి తాళాలు వేస్తున్నారనీ, టీ మానేసి కాఫీలు తాగుతున్నారనీ, శుక్రవారం వస్తే వేయించిన చేపలమ్మే కొట్టు వదిలేసి మనవైపు కూరల హోటలుకు పోతున్నారనీ, లాటరీ నంబర్లు చెప్పేటప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు భక్తిగా కూర్చుంటున్నారనీ మా ఆయన నోట్సంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. పక్కన కుర్రాళ్ళు నవ్వారు.

మేనేజరు కప్పు కింద పెట్టి, అక్కడికి నువ్వు ఎప్పుడు వెళ్ళావని అడిగాడు. వెళ్ళలేదన్నాను. నేను అక్కడ పుట్టాను అని, లేచి వెళ్ళిపోయాడు.

తరవాత నాతో మాట్లాడటం తగ్గించేశాడు. ఆయన టేబుల్ మీద నా ఉత్తరం సంతకానికి ఎదురుచూస్తూ పడి ఉండేది. దాని మీద టీ కప్పు పెట్టేవాడు. వెళ్ళినప్పుడల్లా కొత్త గుండ్రటి మరక ఒకటి కనపడేది.

జనవరి ఒకటి వచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటానికే రెండేళ్ళు చాకిరీ చేశాం, కానీ ఏమీ జరగలేదు కాబట్టి మేమంతా దొంగలమని పేపర్లవాళ్ళు తేల్చేశారు. మా టీమ్‌లో సగంమందికి ఆ వారమే సెలవు చెప్పారు. మేనేజరు మూడు వారాలు ఇంగ్లండు ప్రయాణం పెట్టుకున్నాడు. నా ఉత్తరం అలాగే ఉంది. నా నోటి దూల వల్ల మా ఆయన చదువు ఆగిపోతుందేమోనని ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు.

తిరిగొచ్చిన రోజు నన్ను లోపలికి పిలిచాడు. టేబుల్ మీద వాళ్ళ ఊరి టీ ప్యాకెట్టు ఒకటి పెట్టి నావైపు జరిపాడు. మనిషి కొంచెం చిక్కాడు. మిల్లును ఫ్లాట్లు చేసేశారట. ఆయన చదివిన స్కూలు కాఫీ హోటలైందట. తమ పాత ఇంటి తలుపు కొట్టి, నేను ఇక్కడే పుట్టానండీ అంటే, ఆ ఇంటాయన మంచిదని చెప్పి మర్యాదగా తలుపేసుకున్నాడట. లోపల రెండు గొళ్ళేలు పడిన చప్పుడు వినిపించిందట.

"ఆ వీధిలో నన్ను 'లవ్' అని పిలిచింది ఒక్కతే" అన్నాడు. "మా అమ్మావాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు, ఎవరు కనిపించినా. మూల కొట్టులో టీ ప్యాకెట్టు ఇస్తూ, ఇంకేం కావాలి లవ్ అంది. అచ్చం మా యాస. ఆవిడ మీవైపు మనిషి."

ఆయన మీద జాలేసింది. జాలి పడుతున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. రెండేళ్ళుగా ఆయన్ని చూసి లోపల్లోపల నవ్వుకున్నదాన్ని కదా. అదంతా నీకెలా తెలుసని ఆయన అడిగాడు. మా ఆయన సీరియల్ చూస్తాడనీ, అదీ ఇక్కడికి రెండేళ్ళు ఆలస్యంగా వస్తుందనీ ఒప్పేసుకున్నాను.

"అయితే మీ ఆయన నాకంటే ఇరవై ఎనిమిదేళ్ళు ముందున్నాడు" అని నవ్వి, మరకల ఉత్తరం లాగి సంతకం పెట్టేశాడు.

వరండాలోకి వచ్చి ఉత్తరం చూసుకున్నాను. తేదీలో సంవత్సరం దగ్గర రెండు సున్నాలు పెట్టాడు. వీసావాళ్ళ సూచనల్లో సంవత్సరం నాలుగంకెల్లోనే ఉండాలని ఉంది. ఏ తప్పు దిద్దించడానికి మా అందరినీ దేశాలు దాటించి తెచ్చాడో, ఆ తప్పే నా ఉత్తరం మీద చేశాడు. వెనక్కి వెళ్ళి చూపించాను. అయ్యో అని సున్నాలు కొట్టేసి, పైన మళ్ళీ రాయబోయాడు. ముందు ఒకటి వేశాడు, తరవాత తొమ్మిది వేశాడు. చెయ్యి అక్కడ ఆగిపోయింది. కాసేపు దానివైపే చూసి, అదీ కొట్టేసి, రెండు వేలు వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఇద్దరం నవ్వాం గానీ ఎక్కువసేపు నవ్వలేదు.

సాయంత్రం వంటింటి బల్ల మీద కాగితాలు పరిచి దరఖాస్తు నింపాను. పేర్లూ, పాస్‌పోర్టు నంబర్లూ, శాశ్వత చిరునామా. పొరపాట్లుంటే చూడమని మా ఆయనకిచ్చాను. ఆయన చదువుతూ ఒకచోట ఆగాడు.

"శాశ్వత చిరునామా అని ఏలూరు ఇల్లు రాసేవేంటే? అది ఖాళీ చేసి రెండేళ్ళవుతోంది. ఇప్పుడెళ్ళి తలుపు కొడితే మనల్ని కూడా ఎవరు మీరంటారు."

కలం తీసుకుని ఆ చిరునామా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. దాని బదులు ఏం రాయాలో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.