రెండో క్యాసెట్‌లో నా చెయ్యి

మనవరాలు బీరువాలోంచి మా నాయన పెళ్ళిబ్యాండు రెండో క్యాసెట్ తీసి, అట్ట మీది పేర్లన్నీ చదివింది. నా పేరు లేదట! నా ఈడువాళ్ళారా, మీకు గుర్తుందా? మొదటి క్యాసెట్‌లో నాయన ట్రంపెట్ చరణం ముగియకముందే మోగితే తిరుత్తణి అంతా నవ్వింది. రికార్డింగు చేసే ఇంట్లో ఉన్నది ఒకటే మైకు. ట్రంపెట్ మోత పాటను మింగేస్తుందని రెండోసారి నాయనను వీధిలో నిలబెట్టారు. లోపలి పాట ఆయనకు వినపడదు. గడప మీద నిలబడి సైగ చెయ్యాల్సింది పదేళ్ల నేను.

"అమ్మీ, తొందరపడి చెయ్యెత్తినావంటే మళ్లా ఊరంతా నగతాది."

"నువ్వు నన్నే చూడు నాయనా!"

లోపలి పాట మీదే చెవి పెట్టాను. చరణం ముగియగానే చెయ్యెత్తాను. ట్రంపెట్ సరిగ్గా అందుకుంది.

ఆ క్యాసెట్ ఉన్నవాళ్ళు వేసి వినండి. ట్రంపెట్‌కు ముందు గాజులు గలగలమంటాయి. బ్యాండులో గాజులు తొడుక్కున్నదెవరో మీరే చెప్పండి!