చిన్నమ్మ చదివించుకున్న పది రూల్సు

నా చిన్నప్పుడు మా బంధువుల్లో నవ్వుతూ పగ పట్టగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా చిన్నమ్మ, మా అమ్మకు స్వయానా చెల్లెలు. మా ఊరు ఎంకపల్లిలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల ఇంటికి కోడలిగా వెళ్లింది. చిన్నాయన లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు బండి మీదే గడిచేవి. ఒక్కతే ఇంట్లో కూర్చోలేక చిన్నమ్మ మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ వైపున్న హేచరీలో పనికి కుదిరింది. అక్కడ పెద్ద పెద్ద యంత్రాల్లో గుడ్లు పొదిగించేవాళ్లు. మేము దాన్ని కోడిపిల్లల కంపెనీ అనేవాళ్లం. గుడ్లను ట్రేలలో పేర్చడం, ఇరవై ఒక్క రోజులకు పిల్లలు బయటికి వస్తే వాటిని ఏరి అట్టపెట్టెల్లో పెట్టడం ఆడవాళ్ల పని. మా ఊరి నుంచి పదిహేను మంది దాకా వెళ్లేవారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట చిన్నమ్మకు సద్ది తీసుకెళ్లడం నా పని.

మొదట్లో అక్కడ ఒక ముసలి మేనేజరు ఉండేవాడు. గాజులు గుడ్లకు తగలకుండా చేతికి గుడ్డ పీలిక చుట్టుకోమని చెప్పి ఊరుకునేవాడు. ఆయన పోయి పట్నం నుంచి కొత్తాయన వచ్చాడు. సన్నని మీసం, ఎర్రరాయి ఉంగరం, దూరం నుంచే తెలిసే అత్తరు వాసన. వచ్చిన వారానికే గోడకు నీలం బోర్డు ఒకటి బిగించి, దాని మీద తెల్ల అక్షరాలతో పది రూల్సు రాయించాడు. కంపెనీ గౌను తొడుక్కోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి, పూలు పెట్టుకోకూడదు, గాజులు, పట్టీలు వేసుకోకూడదు, పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడాలి, ఇట్లాంటివి. నిజం చెప్పాలంటే వాటిలో చాలావరకు సరైనవే. గాజుముక్క ట్రేలో పడితే కోడిపిల్ల కాళ్లు తెగుతాయి. ఆ సంగతి చిన్నమ్మ కూడా ఒప్పుకునేది. ఆమె పగ రూల్సు మీద కాదు.

బోర్డు పెట్టిన రోజు నేను సద్దిగిన్నె పట్టుకొని వెళ్లేసరికి ఆడవాళ్లంతా వాకిట్లో వరుసగా నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ల గాజులు వదులుగా ఉండడంతో సులువుగా వచ్చేశాయి. చిన్నమ్మవి రాలేదు. ఏడు నెలల కిందట పెళ్లికి వాళ్ల అత్తమ్మ చేవెళ్ల అంగడిలో గాజులాయనతో బిగుతుగా తొడిగించిన గాజులు అవి.

"సార్, రేపటికి తీసేసి వస్త. ఇంటికి పోయినంక సబ్బు నీళ్లు పోసి మెల్లగ తీస్త," అంది చిన్నమ్మ.

"టైం లేదు. రేపంటే రేపే రా మరి. రేపు నీకు పనుంటదో ఉండదో నాకు తెల్వదు," అన్నాడాయన.

"మా ఆయన బండి మీదున్నడు సార్. ఇంక ఇంటికి రాలే. జర ఈ ఒక్క పూట ఆగుండ్రి."

ఆయన నవ్వాడు. "మీ ఆయన బండి నీ గాజుల మీద నడుస్తదా, టైర్ల మీద నడుస్తదా?"

పక్కనున్న గుమస్తా కూడా నవ్వాడు. మేనేజరు తనే వంగి, గోడవార పడి ఉన్న రాయి ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. మా దగ్గర ఆడమనిషి చేతి గాజులు రాయితో పగలగొట్టేది ఎప్పుడో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. చిన్నమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, అక్కడే గడప మీద చెయ్యి ఆనించి, ఆరు ఈ చేతివి, ఆరు ఆ చేతివి పగలగొట్టుకుంది. మణికట్టు దగ్గర కొంచెం తెగింది. ఒక్క ముక్క కూడా మిగలకుండా కొంగులోకి ఏరుకుంది. పక్కనున్న ఆడవాళ్లు ఏడ్చారు, ఆమె ఏడవలేదు. నేను తెచ్చిన సద్ది మాత్రం ముట్టలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జరిగినదాన్ని మాటల్లో చెప్పడం కష్టం. "నా కొడుకు బండి మీదుండంగ చేతులు బోడిగ చేసుకొనొస్తవా?" అని వాళ్ల అత్తమ్మ గోడకు తిరిగి పడుకుంది. కోడలు వండింది తినలేదు. నాలుగో రోజు రావలసిన చిన్నాయన రాలేదు. ఐదో రోజు, ఆరో రోజు కూడా రాలేదు. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి! చిన్నమ్మ పని నుంచి వస్తూ రోడ్డు మీద నిలబడి, ఆగిన ప్రతి లారీ డ్రైవరునూ అడిగేది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమె చేతులకేసి చూసి మాట మార్చేవాళ్లు. పదకొండో రోజు సాయంత్రం చిన్నాయన వచ్చాడు. దారిలో బండి ఇరుసు విరిగిందట. సామాను దొరికేదాకా బండి కిందనే పడుకున్నాడట. ఆయనకు ఏమీ కాలేదు. కానీ ఆయన్ను చూడగానే వాకిట్లోనే కుప్పకూలిన అత్తమ్మను లేపుతూ చిన్నమ్మ పళ్లు బిగబట్టడం నేను చూశాను. పదకొండు రోజులు తన మొగుణ్ని తనే చంపుకున్నట్టు బతికింది ఆమె.

ఆ వారం చర్చిలో పాస్టరయ్య క్షమాగుణం గురించి చెప్పాడు. చిన్నమ్మ తలవంచుకొని బుద్ధిగా విన్నది. బయటికి వచ్చాక మా అమ్మతో, "క్షమిస్త అక్కా, ఎందుకు క్షమించ. ముందుగాల ఆయనకు గూడ తెల్వాలె గద, నేను దేన్ని క్షమిస్తున్ననో," అంది.

ఆ మరునాడు సద్ది తీసుకెళ్తే నన్ను ఆ నీలం బోర్డు ముందు నిలబెట్టింది. ఆమెకు చదువు రాదు, నేను ఐదో తరగతి. "బిడ్డా, ఒక్కటొక్కటి చదువు. సొంతంగ ఏం కలుపకు," అంది. రోజూ చదివేదాన్ని. పాట నేర్చుకున్నట్టు నేర్చుకుంది. ఏడోదాన్ని మాత్రం మళ్లీ మళ్లీ చదివించేది. అది ఇట్లా ఉండేది: ఎంతటివారైనా సరే చెప్పులు విప్పి, నగలు తీసి, మందు నీళ్లతో మోచేతుల దాకా కడుక్కొని, కంపెనీ గౌను తొడుక్కోనిదే లోపలికి రాకూడదు. తలుపు దగ్గరి మనిషి ఎవరినీ వదలకూడదు. వదిలితే ఆ మనిషి పని నుంచి తీసివేయబడును.

"ఎంతటివారైనా అనే ఉన్నదా? నువ్వు కల్పించి చదువుతలేవు గద?" అని అడిగేది.

"అట్లనే ఉన్నది చిన్నమ్మా."

తలుపు దగ్గరి పనికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. మందు నీళ్ల ఘాటుకు కళ్లు మండేవి. చిన్నమ్మ అడిగి మరీ ఆ పని తీసుకుంది. మేనేజరుకు అది చాలా నచ్చింది. రూల్సు పెడితే మనుషులు ఎట్లా దారికొస్తారో చూడండని గుమస్తాతో గొప్పగా చెప్పుకున్నాడట. చిన్నమ్మ రెండు నెలలు ఆ తలుపు దగ్గర రాయిలా నిలబడింది. జడలో పువ్వు మరిచిపోయి వచ్చిందని సొంత ఆడబిడ్డనే వెనక్కి పంపింది. ఊళ్లో ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడేవారు కాదు. మేనేజరు మాత్రం వెనక తలుపు నుంచి, బూట్లతో, ఉంగరంతో లోపలికీ బయటికీ తిరిగేవాడు. ఆమె అది చూసీ చూడనట్టు ఊరుకునేది. ఆయన్ను ఎందుకు ఆపవని నేను అడిగితే, "కాయ పండనియ్యి," అని నా బుగ్గ గిల్లింది.

వానలు మొదలయ్యాక కంపెనీకి కొత్త యంత్రం వచ్చింది. దాన్ని మొదలుపెట్టడానికి ఒక ఆదివారం పట్నం నుంచి కంపెనీ యజమాని సేటు, ఆయన భార్య, నలుగురైదుగురు పెద్దమనుషులు వచ్చారు. షామియానా వేశారు. పనివాళ్ల పిల్లలకు లడ్డూలు పెడతారంటే చర్చి కాగానే మేమంతా వెళ్లాం. మేనేజరు గోధుమరంగు సూటు, టై, నిగనిగలాడే బూట్లు వేసుకొని అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. ఆడవాళ్లు ఎట్లా నిలబడాలో, ఎట్లా దండం పెట్టాలో రెండు రోజుల ముందు నుంచే నేర్పించాడు.

సేటు పెద్ద వయసు మనిషి. తలుపు దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకముందే చెప్పులు విప్పి, గడియారం తీసి డ్రైవరుకిచ్చాడు. సేటమ్మ బంగారు గాజులు తీసి సంచిలో వేసుకుంది. వచ్చినవాళ్లంతా వాళ్లను చూసి అట్లాగే చేశారు. చిన్నమ్మ ఒక్కొక్కరికీ గౌను అందించింది. అందరి వెనక మేనేజరు వచ్చాడు. సేటు పక్కన ఉండాలన్న తొందరలో, ఆ రోజు ఆయనకు వెనక తలుపు నుంచి తిరిగి వచ్చే వీలు లేకపోయింది.

చిన్నమ్మ తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

"సార్, బూట్లు."

"జరుగు," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"కోటు గూడ సార్. ఉంగరం గూడ."

"జరుగుమంటున్న గద!"

ఆ గొంతుకు లోపలికి అడుగు పెట్టబోతున్న సేటు వెనక్కి తిరిగి ఏమైందని అడిగాడు. చిన్నమ్మ చేతులు కట్టుకొని, నేను చదివిన పుస్తకం తెలుగులోనే, ఒక్క అక్షరం తడబడకుండా ఏడో రూలు మొత్తం ఒప్పజెప్పింది. ఎంతటివారైనా సరే అన్న దగ్గర కొంచెం ఆగింది కూడా. చివర తన మాటల్లో, "వదిలితె నా పని పోతది సేటు. సారే రాయించిండు," అంది.

సేటుకు ముచ్చటేసింది. "సహీ బాత్. తీసెయ్యి భాయ్, జల్దీ," అన్నాడు.

మేనేజరు కోటు విప్పాడు, టై విప్పాడు. బూట్లు విప్పితే సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లి. మేము నోళ్లు మూసుకొని నవ్వాం. ఉంగరం మాత్రం రాలేదు. లాగాడు, తిప్పాడు, ఉమ్ముతో తడిచేసి లాగాడు. వేలు ఎర్రబడింది. సేటమ్మ జాలిపడి, సబ్బు ఇవ్వమ్మా అంది.

"సబ్బు ఉన్నదమ్మా. కని సబ్బుకు టైం లేదని సారే చెప్పిండు. ఆయాల మా గాజులకు రాయి ఇచ్చిండు," అంటూ చిన్నమ్మ గోడ గూట్లోంచి రాయి తీసి ఆయన ముందున్న గట్టు మీద పెట్టింది. "ఆ రాయి నా తానే ఉన్నది సార్. ఉంగరానికి పనికొస్తదేమో సూడుండ్రి."

ఎవరి గాజులని సేటు అడిగాడు. చిన్నమ్మ నాలుగు మాటల్లో చెప్పింది. మొగుడు బండి మీదున్నాడని చెప్పినా ఆగలేదనీ, పదకొండు రోజులు అత్తమ్మ తన చేతి ముద్ద ముట్టలేదనీ చెప్పింది. గొంతు పెంచలేదు. సేటమ్మ వరుసలో నిలబడ్డ ఆడవాళ్ల బోసి చేతులను చూసి తల తిప్పుకుంది. సేటు మేనేజరును అక్కడే వదిలేసి, "పోదాం రండి," అని తక్కినవాళ్లతో లోపలికి నడిచాడు. తలుపు మూసుకుంది.

లోపల రిబ్బను కత్తిరించారు. చప్పట్లు వినిపించాయి. ఫొటోలు తీసిన వెలుగు కిటికీ అద్దం మీద మెరిసింది. బయట మేనేజరు వట్టి కాళ్లతో, మోకాళ్ల దాకా వచ్చే ఆడవాళ్ల గౌనులో, మోచేతుల దాకా సబ్బు నురుగుతో నిలబడి వేలు పీక్కుంటున్నాడు. ఉన్న గౌనుల్లో అన్నిటికంటే పొట్టిదాన్ని చిన్నమ్మ ఆయన కోసమే దాచి ఉంచింది. సబ్బుపెట్టె రెండు చేతులతో, ఎంతో మర్యాదగా పట్టుకొని, "మెల్లగ సార్, ఫికర్ చెయ్యకుండ్రి. ఇంటికి పోయినంక గూడ తీసుకోవచ్చు," అంది.

ఉంగరం ఊడేసరికి సేటు వాళ్లు బయటికి వస్తున్నారు.

ఆయన ఉద్యోగం పోలేదు. నగలు తీయడానికి ఆడవాళ్లకు టైం ఇవ్వాలని బోర్డు కింద ఒక వాక్యం చేరింది, వెనక తలుపుకు తాళం పడింది, అంతే. ఆ తరువాత ఆయన అక్కడ ఏడాది ఉన్నాడు. ఆ ఏడాదంతా ప్రతి పొద్దున చిన్నమ్మ ఆయన్ను తలుపు దగ్గర ఆపి, "సార్, చేతులు," అనేది. నెల తిరక్కుండానే ఆయన ఉంగరం పెట్టుకోవడం మానేశాడు. అయినా ఆమె వదల్లేదు. చేతులు ముందుకు చాపించి, తిప్పించి, రెండు వైపులా చూసి, తరువాతే గౌను అందించేది.

ఇంక చాలదా చిన్నమ్మా అని ఒకసారి అడిగాను. "పదకొండు రోజులైతే చాలనుకున్న బిడ్డా. పదకొండో రోజు ఆయన చేతులు సూడంగనే, ఇంకొక్క రోజు అనిపించింది. గట్లనే నడుస్తున్నది," అంది. అట్లా అన్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం ఉందో, అలసట ఉందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయనిపిస్తుంది.

పెద్దయ్యాక నేను ఒక ప్రైవేటు దవాఖానలో ముప్పై ఏళ్లు సిబ్బంది వ్యవహారాలు చూశాను. రిటైరయ్యాక మొయినాబాద్ చుట్టుపక్కల వెలిసిన పెళ్లి హాళ్లవాళ్లు, తమ దగ్గర వడ్డించేవాళ్లకు, వాకిట్లో నిలబడే ఆడపిల్లలకు బట్టలెట్లా ఉండాలో, అతిథులతో ఎట్లా మెలగాలో రాసిపెట్టమని నన్ను పిలుస్తుంటారు. రాసిస్తాను. కట్టుబొట్టుకు ఒక పద్ధతి ఉండాలన్నదాంట్లో నాకు అనుమానం లేదు. ఈ వయసులో దాచుకోవడమెందుకు, ఆ మేనేజరు నురుగు చేతులతో నిలబడ్డ దృశ్యం గుర్తొస్తే నాకు ఇప్పటికీ జాలి కలగదు. హాయిగానే ఉంటుంది. పాస్టరయ్య మాటలు నాలో ఆ మేరకు ఇంకలేదు.

కానీ ఏ హాలుకు రూల్సు రాసినా, సంతకం పెట్టే ముందు ఆ కాగితం తీసుకెళ్లి అక్కడ అందరికంటే చిన్న పని చేసే మనిషికి చదివి వినిపిస్తాను. దీన్ని పట్టుకొని నువ్వు ఈ హాలు యజమానిని ఆపగలవా, నన్ను ఆపగలవా అని అడుగుతాను. ఆపలేనని ఆ మనిషి తల అడ్డంగా ఊపితే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటాను. మళ్లీ మొదటి నుంచి రాస్తాను.