చావు ఫోటోల లెన్సు

దెయ్యం అనే మాటెత్తితేనే నాకు ఒళ్లు మంట. కేజీఎఫ్‌లో పాత గనుల పక్కనే పుట్టి పెరిగాను. ఇక్కడ గనిలోకి దిగే ప్రతి షాఫ్టుకూ ఒక దెయ్యం కథ చెబుతారు. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా అనను. జరిగింది మాత్రం చెబుతాను.

నాది కెమెరాలు బాగుచేసే పని. పాత ఫిల్ము కెమెరా లెన్సులు కొత్త డిజిటల్ కెమెరాలకు పట్టవు. వెనక రింగు తీసేసి, సరిపోయే రింగు బిగిస్తాను. మందం వెంట్రుకవాసి ఎక్కువైనా దూరంగా ఉన్నవి మసకబారతాయి. ఆకురాయితో అరగదీయడం, బిగించి చూడడం, మళ్లీ విప్పడం. చివరి పరీక్ష ఎప్పుడూ మా అమ్మ ముఖమే. ఇంట్లో మేమిద్దరమే. ముందు గదిలో కొట్టు. పిలిస్తే వచ్చి మెట్టు మీద కూర్చుంటుంది.

రిటైరైన టీచరు సుగుణమ్మగారు, ఎప్పుడో పోయిన వాళ్ల నాన్నగారి లెన్సు తెచ్చిచ్చారు. ఆయన ఫోటోగ్రాఫరు. ఛీ, ఏం కంపు! అద్దానికి లోపల బూజు. రెండుసార్లు స్పిరిటుతో తుడిచినా చచ్చిన ఎలుక వాసన నా వేళ్లను వదల్లేదు.

మిట్టమధ్యాహ్నం రింగు బిగించి అమ్మను ఫోటో తీశాను. కెమెరా తెర మీద చూస్తే ఆమె నోరు తెరుచుకుని ఉంది. పెదవుల నిండా ఈగలు. కొన్ని లోపలికి పాకుతున్నాయి.

తలెత్తి చూశాను. అమ్మ నోరు మూసుకునే కూర్చుంది. ఒక్క ఈగ లేదు. అద్దం తుడిచి మళ్లీ తీస్తే ఇంకా ఎక్కువయ్యాయి. వేరే లెన్సుతో తీస్తే శుభ్రంగా వచ్చింది. ఇదే లెన్సుతో గోడను తీస్తే గోడే వచ్చింది. దొడ్లోకి పరిగెత్తి కక్కుకున్నాను.

సాయంత్రం లెన్సు తిరిగిచ్చేస్తూ, నాన్నగారు దీనితో ఏం తీసేవారని మాత్రం అడిగాను.

"పీనుగుల్నే తీసేవాడప్పా. ఎత్తేముందు కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించుకునేవాళ్ళు కదా, దానికని ఇది విడిగా పెట్టుకొని ఉన్నాడు. బతికున్నోళ్ళ మీదికి ఎత్తేవాడే కాదు," అన్నారామె తాపీగా.

ముందే చెప్పి ఏడవచ్చు కదా అని నోటిదాకా వచ్చింది.

అమ్మకేం కాలేదు. ఏడాది దాటింది, గుండ్రాయిలా ఉంది. ఆ ఫోటోలు చెరిపేశాను. ఈగలు ఎక్కడివో నాకు ఈరోజుకీ తెలియదు.

కానీ అమ్మ చేతి రాగిముద్దంటే ప్రాణం పెట్టేవాణ్ణి, ఇప్పుడది గొంతు దిగదు. ఆమె వడ్డిస్తుంటే నా చూపు ఆ నోటి మీదికే పోతుంది. కన్నతల్లిని చూస్తే అసహ్యం! నా బతుకు మీద నాకే రోత పుడుతుంది.

నిన్న కూడా సగంలోనే కంచం జరిపేశాను. నేనెక్కడ చూస్తున్నానో అమ్మ కనిపెట్టింది.

"నా మూతికి ఏమన్నా అంటుకోని ఉండాదా అప్పా?" అని అడిగి, కొంగుతో నోరు తుడుచుకుంది.