సుగన్య పోసిన నీళ్లు

ఏ. పళ్లిపట్టిలో కన్నన్ పేరెత్తితే చాలు, జనం ముందు నవ్వుతారు, ఆ తరువాతే సంగతేమిటని అడుగుతారు. పొద్దున నాలుగిళ్ల ఆవుల పాలు పితికే మనిషి. మారియమ్మ పండుగకు మా వీధిలో వేసే నాటకంలో, అదే కూత్తులో, గయ్యాళి అత్త వేషం కన్నన్‌దే. కొంగు నడుముకు దోపి, కొళాయి దగ్గర కోడలిని తిట్టే తిట్లకు సొంత అన్న బైరప్ప కూడా పంచె జారిపోయేలా నవ్వుతాడు. పెళ్లిళ్లకూ చెవులు కుట్టే వేడుకలకూ మొదటి పిలుపు కన్నన్‌కే. చీర కట్టుకుని వచ్చినా ఎవరూ తప్పు పట్టరు. నవ్వించడానికే కదా!

ఏదైనా అడిగి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. ఒకరోజు కన్నన్ ఆవును కడుగుతుంటే పక్కన నిలబడి అడిగేశాను.

"ఒరే కన్నా, వేషం తీసినంక కూడా అట్లే నడుస్తావే. నీ మనసులో ఏముందిరా?"

కొబ్బరిపీచు పట్టిన చెయ్యి ఆగింది. "మునియక్కా, ఈ లుంగీ కట్టేదే నాకు కూత్తు. నా పేరు సుగన్య. ఎవురికీ చెప్పొద్దు."

ఆ మాట దాచాను. నేనొక మాట దాచానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు.

పోయిన ఎండాకాలంలో బైరప్ప కూతురు రక్ష సమర్తాడింది. మా వాళ్లలో పిల్ల తలమీద జల్లెడ పట్టి, మొదటి చెంబు పసుపునీళ్లు పోయాల్సింది మేనత్త. బైరప్పకు అక్కచెల్లెళ్లు లేరు. పెదనాన్న కూతురు పెరుమాయిని పిలిచాడు. అది తెలిసి సుగన్య అన్న ముందు నిలబడింది.

"అన్నా, రక్షకు మేనత్తను నేనే. నేను పోస్తాను. ఆడను, పాడను. ఇదొక్కటి ఇయ్యి, ఇంకేమీ అడగను."

బైరప్ప పకపకా నవ్వాడు. "పొయ్యరా, పొయ్యి! జనానికి కడుపులు చెక్కలవుతాయి."

తమాషాకు కాదని ఆమె చెప్పబోయేసరికి, అతడు పందిరివాళ్లను కేకేస్తూ వెళ్లిపోయాడు.

నీళ్లు పోసే రోజు సుగన్య కూత్తు చీర కట్టలేదు. ఆకుపచ్చ నూలుచీర, నిండుగా కొంగు, తలలో మూరెడు కనకాంబరాలు. ముఖానికి రంగు లేదు. అయినా పీట దగ్గరికి రాకముందే ఈలలు మొదలయ్యాయి. జల్లెడ నన్ను పట్టుకోమని, చెంబు ఎత్తింది. చెయ్యి వణికింది.

"చూడండ్రా, వణుకు గూడా ఎట్లా తెప్పిస్తాడో!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

నీళ్లు పోస్తూ పెదవులు కదిలించి పిల్లను దీవించింది. దానికీ నవ్వే. ఆమె కళ్లలో నీళ్లు చూసి పెరుమాయి కడుపు పట్టుకుని నవ్వింది. "అయ్యో దేవుడా, ఏం యాక్టింగ్‌రా సామీ!" ముఖం తుడుచుకుంటూ రక్ష కూడా నవ్వింది.

"నవ్వొద్దండే! అది నిజంగానే పోస్తావుంది!" అని అరిచాను. నేనూ ఆటలో చేరాననుకుని ఇంకా నవ్వారు.

బైరప్ప వచ్చి చెంబు తీసుకున్నాడు. "సరే, తమాషా అయిపోయింది. పెరుమాయక్కా, నువ్వు రా. అసలు నీళ్లు పోద్దాము."

పీట తుడిచారు. కొత్తగా పసుపు కలిపారు. పెరుమాయి పోసింది. ఒక్కరూ నవ్వలేదు.

"ఇంక ఆ చీర ఇప్పెయ్‌రా," అన్నాడు బైరప్ప, గొంతు తగ్గించి. "పెద్దమనుషులు వచ్చినారు."

సుగన్య విప్పలేదు. వెళ్లి ఆడవాళ్ల బంతిలో కూర్చుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ విస్తళ్లు దూరంగా జరుపుకున్నారు. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అన్నం వడ్డించేవాడు మా ఇద్దరి ఆకులూ దాటి వెళ్లిపోయాడు.