చెంబెడు కల్లు, పొంగకూడని రొట్టె

ఒక్క చెంబెడు కల్లుతో నేనొక పండగను ముంచేయబోయాను. తాగి కాదు. తాగి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక సాకైనా ఉండేది.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పినాంగులోని జార్జ్ టౌన్‌లో ఒక యూదుల ఇంట్లో వంటపని. ఇంటి పెద్దమ్మగారు మలాయ్, అరవం, నా దగ్గర పట్టిన తెలుగు కలిపి మాట్లాడేది; మాట చివర అక్కడి అలవాటు కొద్దీ ‘లా’ తగిలించేది. పస్కా పండగకు ముందు మూడు రోజులు నా చేత ఇల్లంతా కడిగించింది. పులిసిన రొట్టె తునక కూడా ఉండకూడదట. చొక్కా జేబులు సైతం దులిపించింది. ఎందుకని నేను అడగలేదు. అక్షరం రాకపోయినా అన్నీ తెలుసనే గర్వం నాకు దండిగా ఉండేది.

పండగనాడు రొట్టెలు చేయడానికి ఆవిడే కూర్చుంది. విడిగా దాచిన పిండి రెండే గిన్నెలు. అది చెడితే పినాంగులో మళ్లీ దొరకదు, రాత్రికి సెడెర్ అనే వాళ్ల పండగ విందు లేదు. ఆ రొట్టెలు కిందటేడే చూశాను: అప్పడానికి జబ్బు చేసినట్టుంటాయి. ఇంత కలిగినవాళ్లకు ఇదేం ఖర్మని జాలిపడి, నీళ్ల చెంబులో గుట్టుగా కల్లు పోశాను. అట్లు పొంగడానికి మా వాళ్లు కలిపేది అదే. మెచ్చుకుని ఆవిడ పెట్టబోయే చీరకు రంగు కూడా ఎంచుకున్నాను!

ఒక గిన్నె పిండిలో ఆ నీళ్లు పోసి రెండుసార్లు పిసికిందో లేదో, ఆవిడ ముక్కు లేచింది.

"అప్పలమ్మా! ఈ వాసన ఏటి?"

"కల్లు అమ్మగారూ. ఈ ఏడు రొట్టెలు బూరెల్లాగ పొంగుతాయి, సూడండి!"

"పొంగకూడదు లా! పొంగితే పండగే లేదు!"

"పొంగని రొట్టెకి పండగేటమ్మా?"

"మా పెద్దలు ఐగుప్తులో బానిసలు. దేవుడు విడిపించిన రాత్రి పిండి పులిసేదాకా ఆగలేదు, అట్లే ఎత్తుకొని పోయినారు. ఆ రొట్టె తింటేనే మేమూ బయటపడినట్టు. పొంగు అంటే గర్వం లా. దాన్ని కూడా ఇంట్లోంచి ఊడవాల."

సుంగై సుమున్ ఎస్టేటు నుంచి, కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ కళ్లుగప్పి మేం పారిపోయిన తెల్లవారుజాము గుర్తొచ్చింది. మా అమ్మ పిండి కుండ నెత్తిన పెట్టుకుని నడిచింది. దారిలో పులవని పిండితోనే అట్లు పోసింది. చెప్పుల్లా ఉన్నాయి. అంత రుచి మళ్లీ ఎరగను.

"కంగాణీకి సెప్పకుండా పారిపోయొచ్చినప్పుడు మేమూ తిన్నామమ్మగారూ, పులవని అట్లు," అన్నాను. "ఈ సంగతి ముందే సెప్పకూడదా?"

"నువ్వు అడిగినావా?"

ఇక మూట కట్టుకోమంటుందనుకున్నాను. ఆవిడ "గిన్నెలు మళ్లీ తోము," అంది. ఆ పిండి పారబోసి, మిగిలిన గిన్నెడుతో రొట్టెలు చేసింది. నన్ను మాత్రం నీళ్ల చెంబుకు పది బారల దూరాన నిలబెట్టింది.

సాయంత్రం విందులో చిన్న మనవరాలు వాళ్ల ఆచారం ప్రకారం అడిగింది: "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా లేదెందుకు?"

పెద్దమ్మగారు నా వైపు వేలు చూపించింది. "మిగతా రాత్రుల్లో కల్లు మనుషులు తాగుతారు. ఈరోజు రొట్టెకి తాగించబోయింది అప్పలమ్మ!"

ఇల్లంతా గొల్లుమంది. తర్వాత ఆవిడ ఒక రొట్టె విరిచి నా చేతిలో పెట్టింది. చీర రాలేదు.

ఆ ముక్క పట్టుకుని ఒట్టేశాను: చదునుగా ఉన్నదాన్ని చదునుగానే ఉంచుతాను, ఈ జన్మలో దేన్నీ పొంగించను. మొన్న, ముసలితనంలో నేర్చిన అక్షరాలతో ఇదంతా రాసి కోడలికి చూపించాను.

"అత్తా, కథ బాగా పొంగినాది లా!" అంది.

ఆ ఒట్టు రొట్టెల వరకే.